సిర్గాపూరా? సింగపూరా?

మాది సిర్గాపూర్ అని చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖం ఒక్కసారిగా వెలిగిపోతుంది. ఆ వెలుగు నాకు బాగా అలవాటే. దాని వెనకాలే వచ్చే ప్రశ్న కూడా అలవాటే. "అక్కడ బంగారం చవకటగా?"

ఆమధ్య విజయవాడలో ఒక పెళ్ళికి వెళ్ళాను. నా పక్కన కూర్చున్నావిడ కుశలప్రశ్నలయ్యాక మీదే వూరండీ అంది. చెప్పాను. "అబ్బో, సింగపూరే!" అంది. కాదండీ, సిర్గాపూర్, నారాయణఖేడ్ దగ్గర, అన్నాను. "అవునవును, మా తోటికోడలి తమ్ముడు కూడా సింగపూర్లోనే" అంది. మూడోసారి ఒక్కో అక్షరమూ విడగొట్టి చెప్పాను. ఆవిడ తల వూపింది కూడాను. భోజనాల దగ్గర మాత్రం పదిమందికీ నన్ను సింగపూర్ నించి వచ్చినావిడ అనే పరిచయం చేసింది. నేనిక వూరుకున్నాను. చెప్పొద్దూ, పప్పు వడ్డించేవాడు నా విస్తట్లో నెయ్యి కాస్త ఎక్కువే వేశాడు.

ఆవిడకి చెవుడు లేదు. నేను నత్తిదాన్ని కాను. అయినా మూడుసార్లు చెప్పిన మాట ఆవిడ చెవిలో పడలేదు. ఆవిడ విన్నది నా మాట కాదు, తను వినబోతున్నాననుకున్న మాట.

ఈ కథ ఇంటికొచ్చి చెబితే అందరూ పకపకా నవ్వారు గాని, మా అక్క కూతురు మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల విమానంలో కో-పైలట్. చిన్నప్పట్నించీ అదే పిచ్చి. మా వూరికి బీదర్ ఎంతో దూరం కాదు, అక్కడ వాయుసేనవాళ్ళ శిక్షణకేంద్రం వుంది. సూర్యకిరణ్ అని ఆకాశంలో ముగ్గులు వేసే విమానాల జట్టు 1996లో అక్కడే పుట్టింది. సెలవులకి వూరికి వస్తే ఈ పిల్ల ఎప్పుడూ మెడ పైకెత్తుకునే తిరిగేది. ఆ మెడ ఇప్పుడు వాళ్ళమ్మకు గర్వకారణం, నాకు నిద్ర లేకపోవడానికి కారణం.

"నవ్వడానికేముంది చిన్నమ్మా, విమానాలు కూలేది ఇట్లాంటి వాటితోనే" అంది. ఆ తర్వాత రాత్రి పన్నెండింటిదాకా కూర్చోబెట్టి ఒక్కొక్కటే చెప్పింది. కొన్ని నేను తర్వాత చదువుకున్నాను. నవలలు రాసుకునేదాన్ని నాకీ విమానాల గొడవ ఎందుకని మీరడగవచ్చు. ఎందుకో వినండి.

నాకు పదేళ్ళప్పటి మాట. సిర్గాపూర్ అప్పట్లో మెదక్ జిల్లాలో ఒక మామూలు పల్లె. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, 2016 నించీ మండలం కూడా. మా తాత పట్వారీ చేసినవాడు. 1984లో పటేలు పట్వారీ వుద్యోగాలు రద్దయిపోయినా ఆయన గొంతులో పట్వారీ మాత్రం రద్దు కాలేదు. ఎక్కడో వేలంలో కొన్న పాత జీపు ఒకటి వుండేది. దాన్ని తనే నడిపేవాడు, ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు.

ఒకరోజు నారాయణఖేడ్‌లో పెళ్ళి చూసుకుని రాత్రి తిరిగొస్తున్నాం. ముందు తాత, ఆయన దోస్తు. వెనక నేనూ అమ్మమ్మా. దారిలో ఒకచోట మోరీ కడుతున్నారు, రోడ్డు అడ్డంగా తవ్వేశారు. తవ్విన చోటికి ముందు ముళ్ళకంప అడ్డం వేసి, సున్నం కొట్టిన రాళ్ళు పెట్టి, చేలల్లోంచి పక్కదారి తీశారు. పొద్దున పోయేటప్పుడు ఆ పక్కదారినే పోయాం. అక్కడొక చింతచెట్టు వుంది, అది నాకు గుర్తుంది. రాత్రి వచ్చేసరికి ముళ్ళకంప లేదు. ఎవరో పొయ్యిలోకో, చేనుకంచెకో ఎత్తుకుపోయారు. జీపు దీపాల వెలుతుర్లో ముందు చింతచెట్టు కనపడింది, తర్వాత సున్నపు రాళ్ళు రెండు తెల్లగా కనపడ్డాయి. తాత దోస్తుతో భూముల పంచాయితీ ఏదో జోరుగా చెబుతున్నాడు. నా నోటిదాకా వచ్చింది మాట. అప్పుడే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే పిల్లలు నడుమ మాట్లాడొద్దని మా ఇంట్లో చట్టం. నేను నోరు మూసుకున్నాను.

జీపు గుంతలో పడింది. ప్రాణాలకేం కాలేదు. అమ్మమ్మ కుడిచేతి మణికట్టు విరిగింది. వంకరగానే అతుక్కుంది. జొన్నరొట్టెలు చరచడంలో ఆమెను మించినవాళ్ళు మా బంధువుల్లో లేరు. ఆ తర్వాత ఆమె రొట్టెలు ఒకపక్క మందంగా, ఒకపక్క పల్చగా వచ్చేవి. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, తాతతో సహా.

అందుకని మా పిల్ల "రన్‌వే రిపేర్లో వున్నప్పుడు దిగడం" అనగానే నాకు చింతచెట్టు కనపడింది.

రన్‌వే కూడా రోడ్డే కదా. పగుళ్ళు పడతాయి, తారు లేస్తుంది, ఏళ్ళకోసారి పైపొర తీసి మళ్ళీ వెయ్యాలి. విమానాశ్రయం మొత్తం మూసేస్తే కుదరదు గనక ఒకటి తవ్వుతూ రెండోదాన్ని వాడుకుంటారు. మన శంషాబాద్‌లో పెద్ద రన్‌వేకి పనులు పెట్టుకున్నప్పుడు పనికొస్తుందని పక్కనున్న టాక్సీవేనే, అంటే విమానాలు నడిచి వెళ్ళే దారినే, రెండో రన్‌వేగా వాడుకునే ఏర్పాటు చేసుకున్నారు. మరి మూసేసిన రన్‌వే మీద ముళ్ళకంప వెయ్యరా? వేస్తారు. పెద్ద ఇంటూ గుర్తు వేస్తారు. ఆ రన్‌వే దీపాలు ఆర్పేస్తారు. అన్నిటికంటే ముందు "నోటాం" అని ఒక నోటీసు పంపిస్తారు. వెనకటి తంతుల్లో లాగా మాటలన్నీ కురచగా కత్తిరించి, అంకెలు గుప్పించి, మామూలు మనిషికి ఒక్క ముక్క అర్థం కాకుండా వుంటుంది. నోటీస్ టు ఎయిర్‌మెన్ అని దాని పూర్తి పేరు. విమానం నడిపేవాళ్ళంతా మగవాళ్ళే అన్నట్టు ఆ పేరేమిటని అమెరికాలో 2021లో మార్చారు. 2025లో మళ్ళీ పాత పేరే పెట్టేశారు. దానిమీద నా అభిప్రాయం ఇక్కడ రాస్తే సంపాదకులు కత్తెర వేస్తారు.

2017 జూలై 7వ తేదీ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సంగతి చూడండి. మనవాళ్ళ పిల్లలు ఇంటికొకరు ఆ చుట్టుపక్కలే వున్నారు గనక ఆ విమానాశ్రయం మనకి బేగంపేట కంటే బాగా తెలుసిప్పుడు. అక్కడ పక్కపక్కన రెండు రన్‌వేలు, రెండింటి పేరూ 28. ఒకటి ఎడమ 28, ఒకటి కుడి 28. కవల పిల్లలకి ఒకే పేరు పెట్టి పెద్దోడు చిన్నోడు అన్నట్టన్నమాట. ఆ రాత్రి ఎడమదానికి పనులు జరుగుతున్నాయి. దీపాలు ఆర్పేశారు. దానిమీద వెలుగుతూ ఆరుతూ వుండే పెద్ద ఇంటూ గుర్తు కూడా పెట్టారు. కుడిదానికి అవతల టాక్సీవే వుంది, దానిమీద నాలుగు విమానాలు బయల్దేరడానికి వరస కట్టి నిలబడి వున్నాయి.

టొరంటో నించి 140 మందితో ఎయిర్ కెనడా విమానం వస్తోంది. ఎడమ రన్‌వే మూసేశారని పైలట్లకి ఇచ్చిన కాగితాల్లో వుంది. ఎక్కడుంది? 27 పేజీల్లో 8వ పేజీలో. చదివారు గాని మనసుకి ఎక్కలేదు. ఎప్పుడు వచ్చినా ఆ చోట రెండు వెలుగుబాటలు కనిపించేవి. ఇప్పుడూ రెండు కనిపించాయి. ఎడమది రన్‌వే అనుకున్నారు, దాని పక్కది తాము దిగవలసిన కుడి రన్‌వే అనుకున్నారు. నిజానికి ఎడమగా కనపడింది కుడి రన్‌వే, దాని పక్కది నాలుగు విమానాలున్న టాక్సీవే. కెప్టెన్ నిద్ర లేచి 19 గంటలు దాటింది. దారి చూపించే రేడియో సంకేతాన్ని కో-పైలట్ తన చేత్తో పెట్టాల్సి వుంది, పెట్టలేదు. పెట్టిందీ లేందీ కెప్టెన్ సరిచూడాలి, చూడలేదు.

అయితే ఒక మంచిపని చేశారు. అనుమానం వచ్చి అడిగారు. రన్‌వే మీద దీపాలేవో కనిపిస్తున్నాయి, ఖాళీగానే వుందా, మేం దిగవచ్చా అని. కంట్రోలర్ చూశాడు, కుడి రన్‌వే ఖాళీగానే వుంది, దిగండి అన్నాడు. ఆయన చెప్పిందీ నిజమే, వాళ్ళడిగిందీ నిజమే. కాకపోతే ఆయన మాట్లాడుతున్న రన్‌వే వేరు, వాళ్ళు చూస్తున్న బాట వేరు. మా పెళ్ళిలో నేనూ ఆవిడా మాట్లాడుకున్నట్టే!

టాక్సీవే మీద మొట్టమొదట నిలబడ్డ విమానం ఎక్కడికి వెళ్ళాల్సిందో తెలుసా? సింగపూర్‌కి. నేను కల్పించి చెప్పడం లేదు. ఆ సింగపూర్ విమానం పైలటే తన తల మీదికి దిగివస్తున్న దీపాల్ని చూసి, వీడెక్కడికి పోతున్నాడు, టాక్సీవే మీదున్నాడు అని రేడియోలో అరిచాడు. రెండో విమానంవాళ్ళు తమ దీపాలన్నీ వెలిగించారు. దిగబోయేవాళ్ళకి కూడా ఏదో తేడాగా వుందనిపించి ఆ క్షణానికే విమానాన్ని పైకి లేపడం మొదలుపెట్టారు. కంట్రోలర్ కూడా పైకి వెళ్ళమని చెప్పాడు. నేలకి అరవై అడుగుల దాకా దిగి లేచింది. ఆ అయిదు విమానాల్లో వెయ్యి మంది దాకా మనుషులు. ఒక్కరికీ గోరంత గాయం కాలేదు గనక పేపర్లలో అది మూలన పడ్డ వార్త. అదే ఇంకో రెండు క్షణాలు ఆలస్యమైతే విమానాల చరిత్రలో అంతకంటే పెద్ద ప్రమాదం వుండేది కాదేమో.

అరిచే మనిషి లేకపోయిన రాత్రి ఒకటుంది. 1979 అక్టోబర్ 31, మెక్సికో నగరం. లాస్ ఏంజెలెస్ నించి వెస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి విమానం తెల్లవారుజామున 88 మందితో వచ్చింది. నేలంతా పొగమంచు. ఇక్కడా పక్కపక్కన రెండు రన్‌వేలే. ఎడమదాన్ని రిపేరుకి మూసేశారు, కుడిది వాడుతున్నారు. చిత్రమేమిటంటే మంచులో దారి చూపే యంత్రం ఎడమదానికే వుంది. అందుకని ఆ యంత్రం పట్టుకుని మూసేసిన రన్‌వే వైపే దిగుతూ వచ్చి, ఆఖర్న కళ్ళకి నేల కనపడ్డాక పక్కకి జరిగి కుడిదాని మీద దిగాలి. పక్కింటి దీపం చూసుకుంటూ మనింటికి రావడం లాంటిది! దీపం దగ్గర ఆగకుండా ఇంకో గడప అవతలికి రావాలని మర్చిపోకూడదు. పోనీ పక్కకి జరిగేంత వెలుగైనా వుందా? ఆ మంచులో అది కుదిరే పని కాదు.

కుడి రన్‌వే అని వాళ్ళకి చెప్పారు. మీరు దారికి ఎడమగా వున్నారని కంట్రోలర్ హెచ్చరించాడు కూడా. కొంచెమే అన్నట్టు జవాబు వెళ్ళింది. చూడండి ఆ జవాబు! మా తాత అచ్చం అదే గొంతుతో అనేవాడు. విమానం మూసేసిన రన్‌వే వైపే దిగిపోయింది. తప్పు తెలిసి మళ్ళీ లేపబోయారు. అక్కడ మట్టి మోసే లారీ వుంది. దాన్ని కొట్టి, వెళ్ళి ఒక కట్టడానికి గుద్దుకుంది. విమానంలో 72 మంది, నేలమీద ఒకరు పోయారు.

ఈ సంగతి చదివాక చాలాసేపు ఒకటే అనుకున్నాను. కాక్‌పిట్‌లో ఒక్కడే లేడే! పక్కన ఇంకో ఇద్దరున్నారు. ముగ్గురికీ కళ్ళున్నాయి, ముగ్గురికీ ఆ కాగితం అందింది.

కెప్టెన్ ఎడమ సీట్లో కూర్చుంటాడు, కో-పైలట్ కుడి సీట్లో. ఆ కుడి సీటు కథ మన హైదరాబాద్ నించే చెప్పుకోవచ్చు. బేగంపేటలో దక్కన్ ఎయిర్‌వేస్ అని వుండేది. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన సంస్థ. 1953లో దేశంలోని విమాన కంపెనీలన్నిటినీ జాతీయం చేసినప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ 1947లో పైలట్ లైసెన్సు సంపాదించింది. ఎనిమిది కంపెనీలు ఆడదాన్ని పెట్టుకోమన్నాయిట. ఆడపైలట్ అంటే ప్రయాణీకులు భయపడతారని ఒక సాకు. చివరికి వుద్యోగం ఇచ్చింది మన దక్కన్ ఎయిర్‌వేసే. ప్రయాణీకుల విమానం నడిపిన తొలి భారతీయ మహిళ అలా మన హైదరాబాద్ గాలిలో ఎగిరింది. 1949లో జాతీయ విమానాల పందెం కూడా గెలిచింది. ఎంత ముచ్చటగా వుంది కదూ!

ముచ్చట అక్కడితో సరి. ఎన్ని గంటలు ఎగరాలో అన్ని గంటలూ ఎగిరింది. ఇక కెప్టెన్ని చెయ్యండి అంది. చెయ్యలేదు. కుడి సీట్లో కూర్చోవచ్చు, ఎడమ సీటు మాత్రం ఇవ్వం అన్నట్టే. ఆవిడ ఆ వుద్యోగం వదిలేసి కొన్నాళ్ళు బిర్లాగారి సొంత విమానం నడిపింది, తర్వాత 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరింది. పూర్తిగా ఆడవాళ్ళే నడిపిన విమానం మన దేశంలో 1985లో వచ్చింది. కెప్టెన్ సౌదామినీ దేశ్‌ముఖ్, పక్కన నివేదితా భాసిన్, కలకత్తా నించి సిల్చార్‌కి. ఇవాళ మహిళా పైలట్ల లెక్కలో మన దేశం ప్రపంచ సగటు కంటే చాలా ముందుంది. ఆ లెక్కలో మా పిల్ల ఒకత్తి.

కుడి సీటువాళ్ళు ఎడమ సీటువాళ్ళకి ఎదురు చెప్పకూడదన్నది రాతలో లేని చట్టం. మగవాళ్ళైనా అంతే. 1977 మార్చి 27న టెనెరిఫె దీవిలో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది పోయారు. మంచులో ఒక విమానం ఇంకా రన్‌వే మీద వుండగానే రెండోది పరుగు మొదలుపెట్టింది. ఆ కెప్టెన్ సామాన్యుడు కాదు, తన కంపెనీ ప్రకటనల్లో బొమ్మ పడ్డ పెద్ద గురువు. వెనక కూర్చున్న ఇంజనీరు, ఆ విమానం ఇంకా తప్పుకోలేదేమో అన్నాడు. తప్పుకుంది అని కెప్టెన్ కొట్టిపారేశాడు. ఇంజనీరు మళ్ళీ అనలేదు. మరుసటి ఏడు డిసెంబర్లో అమెరికాలో పోర్ట్‌లండ్ దగ్గర, చక్రాల గొడవలో మునిగిపోయిన కెప్టెన్‌కి ఇంధనం అయిపోతోందని పక్కవాళ్ళు నసిగారు, సూచించారు, గట్టిగా మాత్రం చెప్పలేదు. ఇంధనం నిజంగానే అయిపోయి విమానం వూరి మీద పడింది. పదిమంది పోయారు.

నసగడం! మనకి తెలియని విద్యా అది? "ఈ నెల పాలవాడికి ఇంకా ఇవ్వలేదనుకుంటానండీ..." అంటాం. ఇవ్వలేదని మనకి బాగా తెలుసు. "ఇటు తిరిగితే మీ చెల్లెలిగారి ఇల్లు వస్తుందేమోనండీ..." అంటాం. వస్తుందనీ తెలుసు, ఆయన దాటేశారనీ తెలుసు. ఈ "ఏమో"ల మీద సంసారాలు నడుస్తాయి. విమానాలు నడవవని 1979లో నాసావాళ్ళు సభ పెట్టి తేల్చారు. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇందుకోసమే పైలట్లకి పాఠాలు మొదలుపెట్టింది. సీఆర్ఎం అంటారు దాన్ని. కాక్‌పిట్‌లో వున్న తెలివిని అందర్నించీ వాడుకోవడం అనుకోండి. చిన్నవాడు పెద్దవాడికి ఎలా చెప్పాలి, పెద్దవాడు ఎలా వినాలి, అదే చదువు. ముందు పేరుపెట్టి పిలవాలిట. తను చూసిందేమిటో చెప్పాలిట. ఏం చేద్దామో చెప్పాలిట. జవాబు వచ్చేదాకా వదలకూడదుట. కంట్రోలర్ ఏం చెప్పినా సరే ఎక్కాలు అప్పజెప్పినట్టు తిరిగి అప్పజెప్పాలి. దిగేటప్పుడు ఇద్దరిలో ఎవరైనా సరే "గో ఎరౌండ్" అన్నారా, చాలా కంపెనీల్లో ఇక వాదన లేదు. విమానం పైకి లేవాల్సిందే. ఎందుకన్నావని తర్వాత అడగొచ్చు.

మొదట కాక్‌పిట్‌కే అన్న ఆ చదువు తర్వాత ఎయిర్ హోస్టెస్‌లకి కూడా వచ్చింది. దాని వెనకా ఒక కథుంది. 1989 జనవరిలో ఇంగ్లండులో కెగ్‌వర్త్ దగ్గర విమానానికి ఎడమ ఇంజను పాడైతే పైలట్లు పొరపాటున కుడి ఇంజను ఆపేశారు. కుడి ఇంజన్లో గొడవ వచ్చింది, ఆపేశాం అని కెప్టెన్ మైకులో చెప్పాడు కూడా. వెనక కూర్చున్నవాళ్ళు ఎడమవైపు నిప్పురవ్వలు కళ్ళారా చూశారు. ఎవరూ లేచి చెప్పలేదు. పైలట్‌కి తెలియదా ఏమిటి అనుకున్నారు. 47 మంది పోయారు.

చదువు వచ్చింది గదా, కథ కంచికేనా అంటే, కాదు. 1984 అక్టోబర్లో సోవియట్ రష్యాలో ఓమ్స్క్ అనే చోట, వాన తడి ఆరబెట్టడానికి రన్‌వే మీద పెద్ద బండ్లు తిరుగుతున్నాయి. అందుకు అనుమతి ఇచ్చిన కంట్రోలర్ నిద్రపోయాడు. విమానం వాళ్ళు రన్‌వే ఖాళీయేనా అని అడుగుతూనే వచ్చారు. ఖాళీయే అని జవాబు వచ్చింది. 178 మంది. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు, ఆ కంట్రోలర్‌కి రాత్రుళ్ళు నిద్ర లేదుట. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను. బాలింత నిద్రలు ఎరిగినదాన్ని, తిట్టుకోవడానికి కూడా మనసు రాలేదు.

ఇక అసలైన సింగపూర్ సంగతి. 2000 సంవత్సరం, మళ్ళీ అక్టోబర్ 31! తైపేలో తుఫాను. సింగపూర్ ఎయిర్‌లైన్స్ జంబో రాత్రి పదకొండు దాటాక బయల్దేరబోతోంది. ఇది దిగడం కాదు, ఎక్కడం. ముగ్గురు పైలట్లు. అయిదు ఎడమ, అయిదు కుడి అని ఇక్కడా కవలలే. కుడిది రిపేర్లో వుందని ముగ్గురికీ తెలుసు. తెలిసీ, ఆ వానలో, ఆ గాలిలో, నేలమీద పచ్చదీపాల వెంట మూసేసిన రన్‌వే మీదికే తిరిగారు. దాని మొదట్లో ముళ్ళకంప లాంటిదేమీ అడ్డం లేదు. సరైన రన్‌వే మీద నిలబడితే విచ్చుకోవలసిన చిన్న పరికరం ఒకటి కాక్‌పిట్‌లో వుంది. అది విచ్చుకోలేదు. విచ్చుకోలేదని వాళ్ళు గమనించారు, అనుకున్నారు కూడా. కాని ఎదురుగా రన్‌వే కనిపిస్తోంది కదా అని వదిలేశారు. పొక్లెయిన్లూ సిమెంటు దిమ్మలూ వున్న చోటికి పరుగు తీశారు. 179 మందిలో 83 మంది పోయారు. మంచిపేరున్న కంపెనీ, అనుభవమున్న పైలట్లు, సీఆర్ఎం చదువుకున్నవాళ్ళు. అక్కడ ఎవరూ ఎవరి నోరూ నొక్కలేదు. ముగ్గురూ కలిసి ఒక్క తప్పే చూశారు. నోరు నొక్కడం కంటే ఇదే నాకు ఎక్కువ భయం వేసింది. దీనికి మందేమిటే అని మా పిల్లని అడిగితే, "మనకి గిట్టని పరికరం చెప్పే మాటే ముందు వినాలి చిన్నమ్మా" అంది.

మనవాళ్ళ వంతూ వచ్చింది. 2018 సెప్టెంబర్ 7న తిరువనంతపురం నించి మాలే వెళ్ళిన ఎయిర్ ఇండియా విమానం, ఇంకా కడుతున్న కొత్త రన్‌వే మీద దిగింది. పాతదానికి పక్కనే కొత్తది, నల్లగా, వెడల్పుగా, కంటికింపుగా. దానిమీద పరిచిన టార్పాలిన్ చక్రాలకి చుట్టుకుంది, టైర్లు పాడయ్యాయి. 136 మందీ నడిచి బయటికొచ్చారు. సముద్రం మధ్యన కర్చీఫంత దీవి, అందులోనే లారీలూ కూలీలూ. ఆ సమయానికి విమానం దారిలో ఎవరూ లేరు. అంతే.

ఇవన్నీ విన్న రాత్రి మా పిల్లని అడిగాను, నువ్వెప్పుడైనా అన్నావుటే ఆ "గో ఎరౌండ్" అని. ఒక్కసారి అన్నానంది. ఏ వూళ్ళోనో, ఏ కెప్టెనో చెప్పలేదు. ఆయన వయసు వాళ్ళ నాన్న వయసుట. విమానం పైకి లేపాడు. మళ్ళీ చుట్టు తిరిగి దిగేదాకా ఒక్క మాటైనా మాట్లాడలేదుట. దిగాక బ్యాగు తీసుకుంటూ "థాంక్యూ" అని వెళ్ళిపోయాడుట. "ఆ పది నిమిషాలూ నా చేతులు ఎంత వణికాయో తెలుసా" అంది. వాళ్ళమ్మ పక్కగదిలో నిద్రపోతోంది. ఈ మాట అక్కకి చెప్పొద్దంది. నేనిప్పుడు పత్రికలోనే రాసేశాను, అదే మన జాతి!

అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. తాత పోయాక ఒక ఎండాకాలం ఆమె దగ్గర నెలరోజులున్నాను. ఒకరోజు పొయ్యి దగ్గర ఎడమచేత్తో రొట్టె తిప్పుతోంది. అన్నేళ్ళ తర్వాత అడిగాను.

"అమ్మమ్మా, ఆ రాత్రి జీపులో... సున్నం రాళ్ళు నువ్వు కూడా చూసినవా?"

రొట్టె పెనం మీదినించి తీసి నిప్పుల మీద వేసింది. అది పొంగేదాకా చూసింది.

"సూసిన బిడ్డా."

"మరి తాతకు చెప్పలేదేం?"

"ఆయనకు తెల్వదా తొవ్వ అనుకున్న." కాసేపాగి నా వంక చూసింది. "నువ్వు సూడలేదా?"